ఎగరని బంతికే పట్టెక్కువ

మొన్న ఒక పాఠకుడు అడిగారు: "ఫార్ములా వన్ క్వాలిఫైయింగ్‌లో కొత్త సాఫ్ట్ టైర్లు వేసుకుని ఒక ల్యాప్ అదరగొడతారు. అదే టైర్లతో వెంటనే ఇంకో ల్యాప్ కొడితే వేగం తగ్గిపోతుంది. ఒక్క ల్యాప్‌కే రబ్బరు అరిగిపోతుందా?"

అంత త్వరగా అరగదు. అక్కడ నడిచేదంతా వేడి వ్యవహారం. క్వాలిఫైయింగ్ అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టు (అదే ల్యాప్) ఎవరు ఎంత వేగంగా కొడతారో చూసి, రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పోటీ. అందులో ఎన్ని అంచెలు అన్నది చూసేవాళ్లందరికీ తెలుసు, దాని జోలికి పోను. నా పిచ్చి రబ్బరు మీద.

నా బల్ల మీద రెండు నల్ల బంతులున్నాయి. చూపులకు కవలలు. ఒకటి నియోప్రీన్, రెండోది పాలీనార్‌బోర్నీన్. మొదటిదాన్ని నేల మీద వదిలితే ఎగిరి దాదాపు చేతి దాకా వస్తుంది. రెండోది దబ్బుమని పడి అక్కడే ఉండిపోతుంది. పడ్డప్పుడున్న శక్తి ఎక్కడికి పోయినట్టు? రబ్బరు లోపల పొడవాటి గొలుసుల్లాంటి అణువులుంటాయి. నొక్కుకున్నప్పుడు అవి ఒకదాన్నొకటి రాసుకుని ఆ శక్తిని వేడిగా మార్చేస్తాయి. దీన్నే హిస్టరిసిస్ అంటారు.

రేసు కారుకు ఈ రెండింట్లో ఏది కావాలి అని అడిగితే దాదాపు అందరూ ఎగిరే బంతినే చూపిస్తారు. నిజానికి కావలసింది చచ్చు బంతి.

ఎందుకో చూద్దాం. రోడ్డు నున్నగా ఉండదు, నిండా చిన్న చిన్న రాతి మొనలే. టైరు కొద్దిగా జారుతూ ఒక మొన మీదికి ఎక్కినప్పుడు ముందువైపు రబ్బరు నొక్కుకుంటుంది, మొన దాటాక వెనకవైపు మళ్లీ సాగి దాన్ని ఆనుకుంటుంది. ఎగిరే రబ్బరైతే చటుక్కున తేరుకుని, ముందువైపు ఎంత అడ్డుకుందో వెనకనుంచి అంతే తోస్తుంది. లెక్క సున్నా. చచ్చు రబ్బరు తేరుకునేసరికి ఆలస్యమైపోతుంది. మొన వెనక ఖాళీ మిగులుతుంది, ముందువైపు అడ్డు మాత్రం పూర్తిగా ఉంటుంది. ఆ తేడాయే గ్రిప్. రబ్బరు అణువులు రాతికి అతుక్కునే బలం కూడా దీనికి తోడవుతుంది, అందులోనూ ఇదే నష్టం పాత్ర ఉంది. టైరు ఎంత శక్తిని వృథా చేస్తే అంత పట్టు అన్నమాట.

తాకే వైశాల్యంతో ఘర్షణకు సంబంధం లేదని బళ్లో చెబుతారు. చెక్క దిమ్మకు అది సరే. రబ్బరు మీద బరువు రెట్టింపు చేస్తే పట్టు రెట్టింపు కాదు, కొంచెం తక్కువే వస్తుంది. రేసు టైర్లు అంత వెడల్పుగా ఉండడానికి ఇదొక కారణం. ఈ మాట చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు "పరీక్షలో ఏది రాయాలి?" అంటారు. పుస్తకంలో ఉన్నదే రాయండి.

ఇప్పుడు ఆ చచ్చు బంతిని మరిగే నీళ్లలో కాసేపు వేసి తీయండి. ఎగురుతుంది! వేడెక్కితే అణువులు చురుగ్గా కదులుతాయి, ఆలస్యం పోతుంది. మరి టైర్లను వేడి చేయడమెందుకు? విలియమ్స్, లాండెల్, ఫెర్రీ అనే ముగ్గురు 1955లో ఇచ్చిన సమీకరణం దీనికి జవాబిస్తుంది. రబ్బరును త్వరత్వరగా నొక్కి వదిలినా, చల్లబరిచినా ఫలితం ఒకే రకంగా ఉంటుంది. మిల్లీమీటరుకొకటి ఉన్న మొనల మీద సెకనుకు ఒక మీటరు చొప్పున జారితే, సెకనుకు వెయ్యి నొక్కుళ్లు. మైక్రానుకొకటి ఉంటే పది లక్షలు. ఆ హడావిడిలో రబ్బరు తన అసలు ఉష్ణోగ్రత కన్నా చాలా చల్లగా ఉన్నట్టు బిగుసుకుపోతుంది. దాన్ని మళ్లీ సరైన చచ్చుదనానికి తేవాలంటే సుమారు 100 డిగ్రీల దాకా వేడెక్కించాలి. తక్కువైతే గాజులా బిగుస్తుంది, ఎక్కువైతే బంతిలా ఎగురుతుంది. మధ్యలో ఉన్నది ఇరుకు కిటికీ. సాఫ్ట్, మీడియం, హార్డ్ అనే మూడు రకాలకూ ఆ కిటికీ ఉండే చోటు, వెడల్పు వేరు వేరు.

టైర్లు బ్లాంకెట్లలోంచి, అంటే వాటిని వేడిచేసే కరెంటు దుప్పట్లలోంచి, 70 డిగ్రీల వేడితో బయటికొస్తాయి. మిగతాది డ్రైవరు పని. కానీ రబ్బరులో వేడి నత్తనడక నడుస్తుంది: ఒక మిల్లీమీటరు లోపలికి పోవడానికి సుమారు 10 సెకన్లు. మూడు మిల్లీమీటర్లకు ముప్పై అనుకునేరు, దూరం మూడింతలైతే టైము తొమ్మిదింతలు, అంటే 90 సెకన్లు. దాదాపు ఒక ల్యాప్! పై పొర ఒక్క మలుపులో భగ్గుమంటుంది, లోపలికి ఆ సంగతి తెలిసేసరికి ల్యాప్ అయిపోతుంది. అందుకే వేగం ల్యాప్‌కు ముందు టైర్లను సిద్ధం చేయడానికి ఒక ల్యాప్ తిరుగుతారు, అదే అవుట్ ల్యాప్. అది ముగిసి, వేగం ల్యాప్ మొదలయ్యే గీత దాటే క్షణానికి పైపొర, లోపలి పొర, ముందు టైర్లు, వెనక టైర్లు అన్నీ కిటికీలో ఉండాలి. వేగంగా పోతే వెనకవి మాడతాయి, ట్రాఫిక్‌లో నెమ్మదిస్తే ముందువి చల్లారతాయి. టెన్షనంతా అవుట్ ల్యాప్‌లోనే.

ఇక పాఠకుడి ప్రశ్న. వేగం ల్యాప్ చివరి మలుపులకొచ్చేసరికి పైపొర కిటికీ దాటేస్తుంది. పట్టు తగ్గి జారుతుంది, జారితే ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా జారుతుంది. ఈలోగా లోపలికీ వేడి చేరుతుంది కాబట్టి పైపొర చల్లబడే దారి కూడా మూసుకుపోతుంది. అందుకే మధ్యలో ఒక ల్యాప్ తాపీగా తిరిగి, ఆ తర్వాత మళ్లీ ప్రయత్నిస్తారు.

మామూలు రేసు వారాంతంలో ఒక్కో డ్రైవరుకు పొడి ట్రాక్ టైర్లు 13 సెట్లు ఇస్తారు. కారు మీద మాత్రం 13 అంకె చాలా ఏళ్లు కనిపించలేదు, 2014లో పాస్టర్ మాల్డొనాడో అనే డ్రైవరు ఏరికోరి తీసుకునేదాకా. కారు మీద ఉంటే అపశకునం, గ్యారేజీలో పేర్చుకుంటే ఫరవాలేదు కాబోలు.

రేసు రోజున ఇదే వేడి కూడికల లెక్కగా మారుతుంది. 60 ల్యాపుల రేసు, టైరు అరిగేకొద్దీ ప్రతి ల్యాపుకూ దాని ముందు ల్యాపు కన్నా 0.1 సెకను ఎక్కువ పడుతోంది, కొత్త టైర్ల కోసం ఆగే పిట్ స్టాపుకు 22 సెకన్లు పోతాయి అనుకుందాం. నిబంధనలు పక్కనపెట్టి అసలు ఆగకపోతే మొత్తం నష్టం 177 సెకన్లు. ఒకసారి ఆగితే 109, రెండుసార్లకు 101, మూడుసార్లకు 108. కాబట్టి రెండు స్టాపులు. ఇప్పుడు మబ్బు పట్టి ట్రాక్ చల్లబడి, ఆ 0.1 కాస్తా 0.05 అయిందనుకోండి: ఒకసారి ఆగితే 65.5, రెండుసార్లకు 72.5. పొద్దున వేసిన ప్లాను మధ్యాహ్నానికి చిత్తుకాగితం.

లూయిస్ హామిల్టన్ 2007 చైనా రేసులో అరిగిన తడి ట్రాక్ టైర్లతో మరీ ఎక్కువసేపు తిరిగి, చివరికి పిట్ దారి మలుపులో జారి కంకరలో ఇరుక్కున్నాడు. ఆ ఏడాది టైటిల్ ఒక్క పాయింటుతో పోయింది. 2020లో ఇస్తాంబుల్. కొత్తగా తారు వేసిన ట్రాక్, తడి, చలి. 58 ల్యాపుల రేసులో ఎనిమిదో ల్యాప్‌లో వేసుకున్న ఇంటర్మీడియట్ టైర్లతో (కొద్దిపాటి తడికి వాడే, గాడులున్న టైర్లు) హామిల్టన్ 50 ల్యాపులు నడిపాడు. ఆ చలిలో టైరు కిటికీ దాటేంత వేడెక్కలేదు. పైగా గాడుల మధ్య దిమ్మలు అరిగి పొట్టివయ్యేకొద్దీ అటూ ఇటూ ఊగడం తగ్గి, ఆరుతున్న ట్రాక్‌కు ఇంకా బాగా కుదిరాయి. రేసు గెలిచాడు, ఏడో టైటిలూ అందింది. కారు ఆగాక చూస్తే ఆ టైర్ల మీద గాడులు దాదాపు మాయమై, నున్నగా ఉన్నాయి.