నాలుగు నైట్రోజన్ పరమాణువులు దారి తప్పితే

విశాఖలో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన ఒకమ్మాయి రాసింది: "ఓడ ఇంజన్లలో అమ్మోనియా కాల్చడం మీద పీహెచ్‌డీకి సీటొచ్చిందండీ. ఐస్ ఫ్యాక్టరీలో కళ్లు మండించే గ్యాసు గురించి నాలుగేళ్లు ఏం చదువుతావే అంటున్నారు మా నాన్నగారు. నిజంగా అంత ఉందంటారా?"

ఉందమ్మా. నాలుగేళ్లు చాలవేమో కూడా.

ఓడల అవసరం సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. ప్రపంచ వాణిజ్యంలో పరిమాణం లెక్కన 80 శాతం పైగా సరుకు సముద్రం మీదే నడుస్తుంది. గ్రీన్‌హౌస్ వాయువుల్లో ఓడల వాటా 3 శాతం దరిదాపుల్లో ఉంది. 2050 నాటికి, లేదా ఆ ప్రాంతానికి, నికరంగా సున్నాకు తేవాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2023లో లక్ష్యం పెట్టుకుంది. మహాసముద్రాలు దాటే సరుకు ఓడను బ్యాటరీల మీద లాగలేం. మిథనాల్ ఓడలు ఇప్పటికే తిరుగుతున్నాయి గానీ మిథనాల్‌లో కార్బన్ ఉంది, ఆ కార్బన్ ఎక్కణ్ణుంచి తెచ్చారన్న పేచీ వస్తుంది. అమ్మోనియాలో కార్బనే లేదు.

ఇంటర్‌లో మనందరం బ్యాలెన్స్ చేసిన సమీకరణమే ఇది: నాలుగు అమ్మోనియా అణువులు, మూడు ఆక్సిజన్ అణువులు కలిస్తే రెండు నైట్రోజన్, ఆరు నీటి అణువులు. సరిగా రాస్తే మార్కులొస్తాయి. ఆ మధ్యలో ఉన్న బాణం గుర్తులో ఏం జరుగుతుందని ఏ మాస్టారూ అడగరు. మన రసాయన బోధనలో నాకు నచ్చనిది అదే. నీళ్లతో నడిచే కారు, మూలికా పెట్రోలు అంటూ పేపర్లకెక్కే వాళ్లు కూడా బాణానికి ఆ చివరా ఈ చివరా చూపించే జనాన్ని మోసం చేస్తారు. అమ్మోనియానూ గాలి, నీళ్ల నుంచే చేయొచ్చు కాబట్టి ఇదీ ఆ బాపతేనా అని అనుమానం రావచ్చు. కాదు, ఇక్కడ లెక్క దాచేదేం లేదు. సౌర, పవన విద్యుత్తుతో టన్ను అమ్మోనియా చేయడానికి సుమారు 10 మెగావాట్-అవర్లు ఖర్చవుతుంది. కాల్చితే తిరిగొచ్చేది 5 పైచిలుకు. అందులోనూ ఇంజన్ షాఫ్టు దాకా చేరేది సగమే. నష్టం ఉందని తెలిసే చేస్తున్నారు.

ఇక బాణం లోపలికి వెళ్దాం. ఇంధనంగా అమ్మోనియా పచ్చి తుమ్మ మొద్దులాంటిది. డీజిల్ 250 డిగ్రీల సెల్సియస్ లోపే తనంతట తాను అంటుకుంటుంది. అమ్మోనియాకు 650 దాకా కావాలి. అంటుకున్నాక కూడా మంట పాకే వేగం సెకనుకు 7 సెంటీమీటర్లే. మీథేన్ మంటకైతే అది 40కి దగ్గర. పచ్చి మొద్దును రాజేయాలంటే కింద ఎండు చితుకులు పేర్చాలి కదా? ఇంజన్‌లో ఆ చితుకులు డీజిల్. ముందు కాస్త డీజిల్ చిమ్మి, ఆ మంటలోకి అమ్మోనియాను చిమ్ముతారు. చితుకులు తక్కువైతే మొద్దు అంటుకోదు. ఎక్కువైతే ఇక మొద్దెందుకు, కార్బన్ మళ్లీ వచ్చేసినట్టే. పూర్తి లోడు మీద డీజిల్ వాటాను 5 శాతం ప్రాంతానికి తేవాలని డిజైనర్ల తాపత్రయం.

పచ్చి మొద్దుకు ఓపిక కూడా కావాలి. పెద్ద ఓడల టూ-స్ట్రోక్ ఇంజన్‌కు కావలసినంత ఓపిక ఉంది. సిలిండర్ వ్యాసం మీటరుకు కాస్త తక్కువ. నిమిషానికి 80 చుట్లు తిరుగుతోందనుకుంటే, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక్క డిగ్రీ తిరగడానికి 2 మిల్లీసెకన్లు పడుతుంది. 3000 చుట్లు తిరిగే కారు ఇంజన్‌లో అదే డిగ్రీకి దొరికేది అందులో ముప్పయ్యో వంతు కూడా కాదు. అమ్మోనియా కారు కన్నా అమ్మోనియా ఓడకే అర్థముందని నేననేది ఇందుకే. 2023లో కోపెన్‌హేగెన్‌లో ఓడ ఇంజన్లు రూపొందించే మాన్ కంపెనీ టూ-స్ట్రోక్ ఇంజన్‌లో అమ్మోనియాను మండించి చూపింది. మరుసటి ఏడాది జపాన్‌లో సాకిగాకె అనే టగ్ బోటు, చిన్న ఫోర్-స్ట్రోక్ ఇంజన్‌తో, పనిలోకి దిగింది.

అసలు చిక్కు పొగ దగ్గర. మొద్దు నడిమంటలోంచి పొగ రాదు, సరిగా కాగని అంచుల్లోంచి వస్తుంది. సిలిండర్‌లోనూ అంతే. మంటలో అమ్మోనియా ఒక హైడ్రోజన్ పోగొట్టుకుని ఎన్‌హెచ్2 అనే ముక్క అవుతుంది. దీనికి, మంటలోనే పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ అనే కాలుష్య వాయువు తగిలితే చాలావరకు మామూలు నైట్రోజన్, నీరు వస్తాయి. అంటే ఇంధనమే తన కాలుష్యానికి తానే మందు. 1970లలో ఎగ్జాన్ కంపెనీలో రిచర్డ్ లయన్ ఈ చర్యనే బాయిలర్ల పొగ శుభ్రం చేయడానికి వాడారు. బీఎస్-6 లారీలో పోసే యూరియా ద్రావణం చేసేదీ దాదాపు ఇదే, కాకపోతే ఉత్ప్రేరకం మీద. కానీ ఎన్‌హెచ్2 ఇంకో హైడ్రోజన్ పోగొట్టుకుని ఎన్‌హెచ్ అయ్యాక నైట్రిక్ ఆక్సైడ్ తగిలిందా, నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది. వేడి మంటలోనైతే హైడ్రోజన్ పరమాణువులు దాన్ని వెంటనే విరిచేస్తాయి. పిస్టన్ రింగుల పైసందుల్లో, నీళ్లతో చల్లబడే గోడల పక్కన ఆ వేడి ఉండదు. పుట్టింది పుట్టినట్టే బయటపడుతుంది.

నైట్రస్ ఆక్సైడ్ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా, వందేళ్ల లెక్కన, 273 రెట్లు గట్టిది. కాగితం తీసి లెక్కేయండి. కిలో అమ్మోనియా ఇచ్చే శక్తిని డీజిల్‌తో రాబడితే సుమారు 1.4 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దాన్ని 273తో భాగిస్తే 5 గ్రాములు. అంటే కిలో అమ్మోనియా కాల్చినప్పుడు 5 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్ జారిపోతే ఓడకు ఒరిగింది సున్నా. పరమాణువుల్లో చెప్పాలంటే, వెయ్యి నైట్రోజన్లలో నాలుగు దారి తప్పితే చాలు, ఇంత శ్రమా గంగపాలు!

ఆ నాలుగింటిని పట్టుకోవడమే ఆ అమ్మాయి చదువు. గ్యాసును ముందే గాలితో కలిపి సిలిండర్‌లోకి పంపితే అది సందుల్లో దూరుతుంది. చివర్లో అధిక పీడనంతో చిమ్మితే దూరదు, అందుకే పెద్ద ఇంజన్లు రెండో దారి పట్టాయి. అయినా రేవు దగ్గర ఓడ నెమ్మదించినప్పుడు లోడు తగ్గుతుంది, సిలిండర్ చల్లబడుతుంది, డీజిల్ వాటా పెంచాల్సొస్తుంది. వంద బార్లు (అంటే మామూలు గాలి పీడనానికి దాదాపు వంద రెట్లు) దాటిన పీడనంలో, డీజిల్ ముక్కలూ అమ్మోనియా ముక్కలూ కలిసున్నప్పుడు ఏ చర్య ఎంత వేగంతో సాగుతుందన్న దానిపై కంప్యూటర్ నమూనాలు ఒకదానితో ఒకటి సరిపోవు. ప్రయోగశాలలో గాజు కిటికీ ఉన్న సిలిండర్లో మంటను ఫొటోలు తీసి, లేజర్‌తో ముక్కల్ని లెక్కపెట్టి, ఆ నమూనాల్ని దిద్దాలి.

కాకినాడలో ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా, అంటే సౌర, పవన విద్యుత్తు లాంటి వాటితో చేసే అమ్మోనియా, తయారుచేసే ప్లాంటుకు ఏఎం గ్రీన్ సంస్థ 2024లో పెట్టుబడి నిర్ణయం తీసుకుంది. కాబట్టి ఇంధనం మన తీరానికే రావచ్చు. పొగగొట్టంలో ఉత్ప్రేరకం పెట్టి సిలిండర్లో కాలకుండా జారిన అమ్మోనియాను అక్కడే కాల్చేయొచ్చు కదా అని నాన్నగారు అడిగితే, కాల్చొచ్చు అని చెప్పమ్మా. ఆ ఉత్ప్రేరకాన్నీ, దాని ఉష్ణోగ్రతనూ సరిగా ఎంచుకోకపోతే మాత్రం దాని మీద కూడా నైట్రస్ ఆక్సైడే పుడుతుంది.