దోమపోటు దుబ్బు మొదట్లోనే పుడుతుంది

పైకి చూస్తే వరిచేను పచ్చగా కళకళలాడుతూ ఉంటుంది. నడిమధ్యలో మాత్రం చాపంత మేర పసుపు తిరుగుతుంది. నాలుగైదు రోజుల్లో అది గుండ్రంగా విస్తరించి ఎండుగడ్డిలా కూలిపోతుంది. ఇలా సుళ్లు సుళ్లుగా ఎండించేది సుడిదోమ అనే రసం పీల్చే చిన్న పురుగు, ఈ దెబ్బనే దోమపోటు అంటారు. సుడి కంటపడే నాటికే దోమ ఒక తరం దాటిపోయి ఉంటుంది.

ఈ పురుగు ఆకుల మీద తిరగదు. నీటికి కాస్త పైన, ఎండ సోకని మొదళ్లలో చేరి రసం పీలుస్తుంది. ఆకు తొడుగు లోపల గుడ్లు దాస్తుంది. వారం పది రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి, మరో రెండు వారాలకు అవే తల్లులవుతాయి. మేత పుష్కలంగా ఉన్నన్నాళ్లు పుట్టేవాటిలో పొట్టిరెక్కలవే ఎక్కువ. అవి ఎగిరిపోలేవు, ఉన్నచోటే గుడ్లు పెడతాయి. అందుకే మొదళ్లలో పొట్టిరెక్కల దోమ కనిపిస్తే అక్కడ కాపురం పెట్టేసిందని అర్థం.

25–30 డిగ్రీల వేడి, గాలాడని తేమ, మెత్తని కాండం దీనికి కావాలి. ఈ మూడింటిలో రెండు మన చేతిలోనివే. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటను తూర్పు పడమరలుగా వదలాలి. పదో వంతు నేల పోయిందని చాలామంది బాధపడతారు గానీ, బాట పక్క వరుసలు ఎండ తగిలి ఎక్కువ పిలకలు వేసి ఆ లోటును చాలావరకు పూడుస్తాయి. పైగా మందు కొట్టే మనిషికి దారి దొరుకుతుంది. దోమ కనబడగానే నీరు తీసేసి మడిని ఆరబెట్టాలి, నేల నెర్రెలివ్వకముందే మళ్లీ పెట్టాలి. పూత సమయంలో మాత్రం పైరు బెట్టకు గురికాకూడదు. యూరియా మూడు దఫాలుగా వేసి చిరుపొట్ట దశతో, అంటే కాండం లోపల కంకి రూపుకట్టే దశతో, ఆపేయాలి. ఆకు నల్లపచ్చగా ఉండాలని ఇంకో బస్తా చల్లితే కాండం రసంలో నత్రజని పెరుగుతుంది, దోమ గుడ్లూ పెరుగుతాయి.

వారానికోసారి చేలోకి దిగి ఐమూలగా 20 దుబ్బులు చూడాలి. దుబ్బును కొంచెం వంచి అరచేత్తో తడితే దోమలు నీళ్లలో రాలతాయి. పిలకల దశలో దుబ్బుకు 10–15, ఈనిక (కంకి బయటికి రావడం) తర్వాత 20–25 ఉంటేనే మందు. దోమలను తినే సాలీళ్లనూ, దోమ గుడ్లను పీల్చే ఆకుపచ్చ మిరిడ్ నల్లులనూ కూడా లెక్కపెట్టండి. అవి బాగా ఉంటే రెండు మూడు రోజులాగి మళ్లీ చూడటమే మంచిది. సింథటిక్ పైరిత్రాయిడ్లనే రకం పురుగుమందులు కొడితే ముందు చచ్చేది ఇవే, ఆ తర్వాత దోమ రెట్టింపుగా వస్తుంది. ఇలాంటి అనుభవంతోనే ఇండోనేషియా 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది.

మందు తప్పనిసరైతే లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్ల బుప్రోఫెజిన్ గానీ, 0.6 గ్రాముల పైమెట్రోజైన్ గానీ కలిపి, ఎకరాకు 200 లీటర్ల ద్రావణం మొదళ్లు తడిచేలా కొట్టాలి. ఆకుల మీద పడింది వృథా. బుప్రోఫెజిన్ పిల్లదోమ కుబుసం విడవకుండా చేస్తుంది గానీ పెద్దవాటిని చంపదు. మర్నాడే దోమలు కనిపించాయని ఇంకో మందు కలపకండి. తొడుగులోని గుడ్లు మందు తర్వాత కూడా పొదుగుతాయి కాబట్టి, ఏడో రోజున అవే దుబ్బులను మళ్లీ వంచి చూడండి.