నాన్న ఎందుకు మానలేకపోతున్నాడంటే

పిల్లలూ, ఆశీస్సులు.

"నాన్నకి మేమంటే ఇష్టమే కదా తాతయ్యా, మరి తాగుడెందుకు మానడు?" అని మీలో ఒకరు అడిగారు. ఈ ప్రశ్నకు మేం పెద్దవాళ్లం "బుద్ధి లేక" అనేసి ఊరుకుంటాం. అది సరైన జవాబు కాదు. తాగుడు ముదిరితే జబ్బు.

మొదలు చిన్నగానే ఉంటుంది. బస్తాలు మోసిన ఒళ్లు నొప్పులని ఒకడు, అప్పుల దిగులు మరవాలని ఒకడు, పెళ్లిలో "ఒక్క పెగ్గే రా" అన్నారని ఇంకొకడు మొదలుపెడతారు. మందు మెదడును జోకొడుతుంది. రోజూ తాగుతుంటే మెదడు దానికి అలవాటుపడి, నిన్నటి కొలత ఇవాళ చాలదు. ఒకపూట పడకపోతే చెమటలు, వణుకు. పొద్దున్నే టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా ఒలకబోసుకునే మనుషుల్ని చూశాను. ఆ వణుకు ఆగడానికే మళ్లీ తాగుతారు. సరదా అప్పటికే పోయి ఉంటుంది.

కాలేయం గట్టిపడుతుంది, పొట్టలో నీరు చేరుతుంది, నోటికీ గొంతుకీ క్యాన్సర్ రావచ్చు. కూలి డబ్బులు ఇంటికి రావు. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది, గేటు చప్పుడవగానే పుస్తకం మూసి మూలన నక్కే పిల్లలు. అందులో మీ తప్పు రవ్వంత కూడా లేదు.

ఇంటి గుట్టని దాచుకోకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు తమ ఇళ్లలో జరిగేది ఒకరికొకరు చెప్పుకున్నారు. రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడి ఊళ్లో సారా ఆపించారు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని మాత్రం 1997లో సడలించారు.

ఒక్కటి జాగ్రత్త. ఏళ్లతరబడి రోజూ తాగేవాళ్లు ఉన్నపళంగా మానేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి సీసాలు దాచేయకండి, పారబోయకండి. నాన్న తెలివిగా ఉన్న పొద్దుటిపూట అమ్మచేత మాట్లాడించి, ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లమనండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు. మానాక మళ్లీ తాగినా విసుగుపడకండి, ఈ జబ్బు తిరగబెడుతుంది. మళ్లీ వైద్యం చేయించాలి.

నాన్న చెయ్యి చేసుకుంటే మాత్రం అక్కడ ఉండకండి. పక్కింటికి వెళ్లిపోయి, ఆపదలో ఉన్న పిల్లల కోసం పెట్టిన 1098కి ఫోన్ చెయ్యండి.

మీ తాతయ్య