పుస్తకం మూసి అప్పజెప్పు

పోయిన ఏడాది ఇక్కడ హైదరాబాద్‌లోనే మా పాప చదివే బడిలో పిల్లల వేలిముద్రలు తీసుకుని, కొన్నాళ్లకి రంగురంగుల రిపోర్ట్ ఒకటి మా చేతిలో పెట్టారు. సంగీతం తెలివి ఇంత శాతం, లెక్కల తెలివి ఇంత శాతం, చేతులతో చేస్తేనే నేర్చుకునే రకం, చదివితే తలకెక్కదు అని రాసుంది. వారం తిరక్కుండానే ఏడో తరగతి పిల్ల సోషల్ పుస్తకం పక్కన పెట్టేసి "అమ్మా, నాకు చదివితే రాదంట కదా" అంది. ఆ మాటకి నాకు గుండె గుభేలుమంది. ఎందుకంటే అది నిజం కాదు.

వేలి మీది గీతలు బిడ్డ కడుపులో ఉండగానే ఏర్పడతాయి, ఆ తర్వాత మారవు. నేర్చుకోవడం అలాంటిది కాదు. గీతలు చూసి ఏ పిల్లకి ఏ తెలివి ఉందో చెప్పొచ్చు అనడానికి శాస్త్రంలో ఆధారమేమీ లేదు.

మరి ఆ 'రకరకాల తెలివి' అనే మాట ఎక్కడిది? హార్వర్డ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త హోవర్డ్ గార్డనర్ 1983లో దాన్ని ముందుకు తెచ్చారు. మెదడుకి దెబ్బ తగిలి మాట పోయినవాళ్లలో కొందరికి పాట మిగిలి ఉండటం లాంటివి గమనించి, తెలివి ఒక్కటి కాదు ఏడు అన్నారు: భాష, లెక్క, సంగీతం, శరీర కదలిక, దారులూ ఆకారాలూ పట్టుకోవడం, ఎదుటివాళ్లని అర్థం చేసుకోవడం, తనని తాను తెలుసుకోవడం. చెట్టూ పుట్టా గుర్తుపట్టే తెలివి తర్వాత చేరింది. దీన్ని ఒప్పుకోని పరిశోధకులు చాలామందే ఉన్నారు. ఒక పరీక్షలో బాగా చేసినవాళ్లు సగటున మిగతావాటిలోనూ కాస్త బాగానే చేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త చార్లెస్ స్పియర్‌మన్ 1904లోనే చూపించాడు, అది ఇప్పటికీ మళ్లీ మళ్లీ కనిపిస్తూనే ఉంది. అయినా గార్డనర్ మాటలో నాకు నచ్చేది ఉంది, మార్కుల కాగితంలో పట్టనివి కూడా తెలివే అని ఆయన గట్టిగా చెప్పారు. కానీ చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అంటూ పిల్లల్ని విడదీయమని ఆయన చెప్పలేదు. తెలివిలో రకాలు వేరు, నేర్చుకునే తీరులో రకాలు వేరు, రెండూ ఒకటి కాదని 2013లో ఆయనే స్వయంగా రాశారు.

ఆ విభజన నిజమో కాదో తేల్చే పద్ధతి ఒకటుంది. 'చూసే' పిల్లల్ని రెండు గుంపులు చేసి సగం మందికి బొమ్మలతో, సగం మందికి మాటలతో చెప్పాలి. 'వినే' పిల్లలకీ అలాగే. చివర్లో అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. ఎవరి పద్ధతి వాళ్లకి ఇచ్చినప్పుడే బాగా రావాలి, తారుమారు చేస్తే తగ్గాలి. 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని జల్లెడ పట్టి చూస్తే, ఇంత పకడ్బందీగా చేసినవే చాలా తక్కువ, చేసినవాటిలోనూ నమ్మదగిన ఆధారం దొరకలేదు. మనకి ఒక పద్ధతి ఇష్టం కావచ్చు, కాదనను. ఇష్టమైనంత మాత్రాన ఎక్కువ వస్తుందని లేదు.

పద్ధతిని నిర్ణయించేది పాఠం. గోల్కొండ కోట గుమ్మం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని పది పేజీలు చదవడం వేరు, అక్కడ నిలబడి చెవులారా వినడం వేరు, ఇది ఏ పిల్లకైనా అంతే. కుతుబ్ షాహీ రాజుల వరస మాత్రం ఎన్ని చప్పట్లు కొట్టినా రాదు.

మరి ఎలా వస్తుంది? 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు కాలేజీ పిల్లలకి చిన్న చిన్న పాఠాలిచ్చి, కొన్నింటిని రెండోసారి చదవమన్నారు, కొన్నింటిని చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివిన పాఠాలే బాగా గుర్తున్నాయి, 81 శాతం, రాసినవి 75. వారం తర్వాత అడిగితే తిరగబడింది. చదివినవి 42కి పడిపోయాయి, రాసినవి 56 దగ్గర నిలబడ్డాయి. ఇక్కడే మనం మోసపోతాం. రెండోసారి చదువుతుంటే అక్షరాలు పరిచయంగా కనిపించి 'వచ్చేసింది' అనిపిస్తుంది. పుస్తకం మూసి గుర్తు చేసుకోబోతే తడబడతాం, టెన్షన్ వస్తుంది, రాలేదేమో అనిపిస్తుంది. ఆ తడబాటులోనే జ్ఞాపకం గట్టిపడుతుంది.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో అష్టావధానం చూస్తుంటే నాకు ఇదే తట్టింది. అవధాని ఒక పద్యంలో ఒక పాదం చెప్పి దాన్ని వదిలేస్తారు, ఇంకో పృచ్ఛకుడి సమస్యకి వెళ్తారు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు అడ్డం పడుతుంటారు, మళ్లీ మొదటి పద్యం దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ ఆపారో కాగితం లేకుండా తీయాలి. చివర్లో ధారణ, అన్ని పద్యాలూ వరసగా అప్పజెప్పాలి. ఎడం ఇచ్చి, కలగలిపి, చూడకుండా తీయడం: పరిశోధకులు ఇప్పుడు మంచి చదువుకి చెప్పే మూడూ అందులో ఉన్నాయి. అవధానుల ప్రతిభ అంతా ఇంతే అనడం లేదు, వాళ్ల సాధన వేరే స్థాయి.

అక్కడికి దగ్గర్లోనే ఉన్న గ్రంథాలయంలో గ్రూప్స్‌కి చదివే పిల్లలు పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుంటారు. పేజీ పేజీకీ మూడు రంగుల గీతలు. వాళ్ల కష్టం చూస్తే కడుపు తరుక్కుపోతుంది, అందులో సగం సమయం పుస్తకం మూసి తెల్లకాగితం మీద పెట్టండి తమ్ముడూ అని చెప్పాలనిపిస్తుంది.

ఇంకొకటుంది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరికొందరు చేసిన పరిశోధన 2025లో వచ్చింది. కిలోల లెక్కా చిల్లర లెక్కా నోటితో చేసేసే పిల్లలు అవే కూడికలూ గుణకారాలూ బడి లెక్కలా కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బజారులో పనిచేయని బడి పిల్లలు బజారు లెక్కలకి తడబడ్డారు. ఎవరికీ తెలివి తక్కువ కాదు, ఒకచోట నేర్చింది తనంతట తాను ఇంకోచోటికి నడిచి రాదు, ఎవరో ఒకరు ఆ రెండింటినీ కలిపి చూపించాలి. మా మోండా మార్కెట్‌లో టమాటాలు తూచే అబ్బాయికి బడిలో ఆ వంతెన ఎవరు వేస్తున్నారన్నది నన్ను వదలని ప్రశ్న.

రిపోర్ట్‌ని అలమారలో పడేశాను. నిన్న రాత్రి అన్నం తిన్నాక పాప పుస్తకం నా చేతికిచ్చి కుతుబ్ షాహీలు చెప్పడం మొదలెట్టింది. సుల్తాన్ కులీ, జంషీద్, సుభాన్, అక్కడ ఆగిపోయింది. నేను పేజీ తిప్పబోతే చెయ్యి పట్టుకుంది. "ఉండమ్మా, చెప్పకు." కిటికీ వైపు చూస్తూ కాసేపు పెదాలు కదిపింది. తర్వాత గట్టిగా అంది, "ఇబ్రహీం!"