గీజర్ కింద చుక్కలు: అపోహలు - వాస్తవాలు

కార్తీకం దాటి చలి ముదిరేసరికి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: “గీజర్ కారుతోందండీ, కొత్తది కొనాల్సిందేనా?” హైదరాబాదులో గీజర్లు బాగుచేయడమే వృత్తిగా పెట్టుకున్న నేను ఈ ప్రశ్నకు ఫోనులో జవాబు చెప్పను. నీళ్లు కారే చోట్లు నాలుగైదు ఉంటాయి. వాటిలో ఒక్కటి మాత్రమే గీజరును పాత సామాన్ల వాడికి అప్పగించవలసిన రకం. ఇక్కడ రాస్తున్నదంతా మన స్నానాల గదుల్లో గోడకు తగిలించే 15, 25 లీటర్ల స్టోరేజి గీజర్ల గురించే.

అపోహ: కింద నీళ్లు పడుతున్నాయంటే లోపలి ట్యాంకుకు చిల్లి పడినట్టే.

వాస్తవం: నీరు రాలే చోటు వేరు, పుట్టే చోటు వేరు. ముందుగా గీజరు స్విచ్చి ఆపి, అడుగు భాగాన్నీ రెండు పైపులనూ పొడిగుడ్డతో తుడిచి, ప్రతి జాయింటుకూ టిష్యూ కాగితం చుట్టి పది నిమిషాలు ఆగండి. పైపు నట్టు దగ్గరి కాగితం తడిస్తే లోపలి వాషరు మారిస్తే సరిపోతుంది. జాయింట్లన్నీ పొడిగా ఉండి అడుగున ఉన్న ప్లాస్టిక్ మూత సందులోంచి నీరు వస్తుంటే, మెయిన్ కూడా ఆపి ఆ మూత తీసి చూడాలి. నీటిని కాచే ఎలిమెంటును ట్యాంకుకు బిగించిన ఫ్లాంజి (లోహపు పళ్లెం) చుట్టూ తడి కనిపిస్తే, దాని కింది గ్యాస్కెట్ (రబ్బరు వలయం) గట్టిపడిందని అర్థం. పాత గ్యాస్కెట్‌కే సిలికాన్ పూసి మళ్లీ బిగించేవారిని చూస్తుంటాను. కొత్తది వేసి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించడమే పద్ధతి. అలా కాక, ట్యాంకు చుట్టూ వేడి పోకుండా నింపిన పఫ్ (గట్టి నురుగు) నానిపోయి దాని అంచుల నుంచి తుప్పురంగు నీరు దిగుతుంటే మాత్రం ట్యాంకు పోయినట్టే. ఆ చిల్లు లోపలి పూత ఊడిన చోట పుట్టి బయటికి వచ్చినది కాబట్టి, పైనుంచి ఎంసీల్ పెట్టడం వృథా శ్రమ.

అపోహ: సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడితే వాల్వు చెడిపోయినట్టు, దాన్ని మూసేస్తే సరి.

వాస్తవం: నేను వినే అపోహలన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 25 లీటర్ల చల్లటి నీటిని 60 డిగ్రీలకు కాచేసరికి దాని పరిమాణం ఒకటిన్నర శాతం దాకా, అంటే సుమారు 380 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ట్యాంకు సాగదు, నీరు అణగదు. ఈ సేఫ్టీ వాల్వులో, అంటే చల్లనీటి పైపు దగ్గర బిగించే మల్టీ ఫంక్షన్ వాల్వులో, నీటిని ఒకే వైపు పోనిచ్చే నాన్ రిటర్న్ కవాటం కూడా ఉంటుంది కాబట్టి, పెరిగిన నీటికి వచ్చిన దారిన వెనక్కి పోయే వీలుండదు. అప్పుడు మిగిలేది వాల్వుకున్న చిన్న నాళిక ఒక్కటే. “మా పాత గీజరు పదేళ్లలో ఒక్క చుక్క కూడా కార్చలేదు” అనే ఇళ్లలో చాలావాటికి ఆ కవాటం ఉండేది కాదు. పెరిగిన నీరు చప్పుడు లేకుండా పైపులోంచి మేడమీది ట్యాంకు వైపు నెట్టుకుపోయేది.

కాగుతున్నప్పుడు మాత్రమే చుక్కలు పడి, కాగడం పూర్తయ్యాక ఆగిపోతే వాల్వు తన పని తాను చేస్తున్నట్టు. స్విచ్చి ఆపి, నీళ్లు పూర్తిగా చల్లారాక కూడా కారుతుంటే లోపల ఇసుక రేణువో ఉప్పు పలుకో ఇరుక్కుని ఉంటుంది. మీటను పైకెత్తి కొన్ని క్షణాలు నీటిని వదిలితే అది తరచుగా కొట్టుకుపోతుంది, పోకపోతే వాల్వు మార్చాలి. నీటి ఒత్తిడి మీద అనుమానం ఉన్నవారికి ఒక లెక్క: మేడమీది ట్యాంకు 10 మీటర్ల ఎత్తులో ఉంటే గీజరు మీద పడే ఒత్తిడి సుమారు 1 బార్ మాత్రమే. 8 బార్‌కు తెరుచుకునే వాల్వును అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో ట్యాంకు ఒత్తిడి ఒక్కటే తెరవలేదు.

కూకట్‌పల్లిలో ఒక మూడో అంతస్తు ఫ్లాటులో, చుక్కలు పడి గోడ పాడవుతోందని ఎవరో ఆ నాళికకు మరపెట్టి ఎండ్ క్యాప్ బిగించి, పైన టెఫ్లాన్ టేపు కూడా ఒద్దికగా చుట్టి పెట్టారు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. నేను ఆ క్యాపును సగం తిప్పేసరికి నీరు సన్నటి దారంలా ఎదురు గోడకు కొట్టింది. అప్పటికి ఆ గీజరులో, నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ బాగానే పనిచేస్తోంది కాబట్టి సరిపోయింది. థర్మోస్టాటూ, దానికి కాపుగా ఉండే కటౌటూ కూడా అతుక్కుపోతే, మూసిన ట్యాంకులో నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా అలాగే వేడెక్కుతూ పోతుంది. ట్యాంకు పగిలిన క్షణాన అందులో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. గోడ తడవడమే ఇబ్బంది అయితే నాళికకు సన్నటి గొట్టం తగిలించి నేలమీది జాలీ దాకా వదలండి, చివర మాత్రం తెరిచే ఉంచండి.

అపోహ: ఎలిమెంటుకు ఉప్పు పడితే కరెంటు బిల్లు రెండింతలవుతుంది.

వాస్తవం: నా తోటివారిలోనూ కొందరు ఈ మాట చెప్పి సర్వీసింగుకు ఒప్పిస్తారు. ఎలిమెంటు నీటిలోనే మునిగి ఉంటుంది కాబట్టి, దానిలో పుట్టిన వేడి ఆలస్యంగానైనా నీటికే చేరుతుంది. బిల్లులో పెద్ద తేడా రాదు. నష్టం వేరే చోట ఉంది. బోరు నీళ్లు వాడే ఇంట్లో రెండు మూడేళ్ల తరవాత ఎలిమెంటును బయటికి తీస్తే, వేలు మందాన ఉండవలసినది తెల్లటి పెచ్చులు కట్టి మొక్కజొన్న కంకిలా కనిపిస్తుంది. ఆ పెచ్చు కింద లోహపు తొడుగు మితిమీరి వేడెక్కి సన్నగా చిట్లుతుంది. గీజరు కాగేటప్పుడు చిటపటమని చప్పుడు వస్తే ఉప్పు పేరుకున్నట్టే. నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో నానబెడితే పెచ్చు కరుగుతుంది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం పోయవద్దు, అది లోహాన్ని కూడా తింటుంది.

అపోహ: గీజర్ వేయగానే ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చి) పడిపోతుంటే, గీజరు లైనును దాన్నుంచి తప్పిస్తే సరిపోతుంది.

వాస్తవం: కరెంటు మితిమీరితే పడిపోయే ఎమ్‌సీబీ కాపాడేది వైర్లను, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఈఎల్‌సీబీ కాపాడేది మనిషిని. చిట్లిన తొడుగులోంచి నీరు ఎలిమెంటు లోపలి మెగ్నీషియం ఆక్సైడు పొడిలోకి చేరితే కరెంటు నీటిలోకీ ఎర్తులోకీ దారి చూసుకుంటుంది. మెయిన్ ఆపి, వైర్లు విప్పి మల్టీమీటరుతో చూస్తే, 2,000 వాట్ల ఎలిమెంటు రెండు కొనల మధ్య సుమారు 26 ఓములు చూపాలి; కొనకూ తొడుగుకూ మధ్య ఏమీ చూపకూడదు. చూపితే ఎలిమెంటు మార్చడమే తప్ప వేరే వైద్యం లేదు.

అపోహ: ట్యాంకుకు ఏళ్లతరబడి గ్యారంటీ ఉంది, పైగా సాఫ్టెనర్ పెట్టించాం కాబట్టి లోపల చూడనక్కరలేదు.

వాస్తవం: పింగాణీ పూత ఉన్న ఉక్కు ట్యాంకులో, ఆ పూతకు పడే సూక్ష్మమైన పగుళ్లను కాచేది మెగ్నీషియం ఆనోడ్ రాడ్. ఉక్కుకు బదులు అది తరిగిపోతుంది. సాఫ్టెనర్ వల్ల ఉప్పు పెచ్చు తగ్గుతుంది గాని, ఆ నీటిలో రాడ్ మరింత త్వరగా తరగవచ్చు. ఏడాదికొకసారి ఎలిమెంటు తీసినప్పుడు రాడ్‌ను కూడా చూసి, దాని లోపలి తీగ బయటపడితే మార్చేయాలి.

అపోహ: బిగింపు అయిపోయాక వెంటనే స్విచ్చి వేయవచ్చు, నీళ్లు వాటంతటవే నిండుతాయి.

వాస్తవం: నీరు లేని ట్యాంకులో కొత్త ఎలిమెంటు నిమిషాల్లోనే కాలిపోతుంది. వేడినీటి పైపు ట్యాంకు లోపల పైదాకా ఉంటుంది కాబట్టి, వేడినీటి కుళాయి తిప్పితే ముందు గాలి బుసకొట్టి, ట్యాంకు నిండాకే ధార వస్తుంది. ఆ ధార తెంపులేకుండా నిలకడగా వచ్చాక స్విచ్చి వేసి, వాల్వు నాళిక కింద మగ్గు పెడతాను. 2,000 వాట్ల ఎలిమెంటుకు 25 లీటర్లు కాగడానికి సుమారు అరగంట పడుతుంది. అప్పటికి మగ్గులో అరలీటరు కన్నా తక్కువ నీరు పడి, మిగతా జాయింట్ల కాగితాలు పొడిగా ఉంటే నా సంచీ సర్దుకుంటాను.