బడి పిల్లల టూర్లు: అపోహలు – వాస్తవాలు

చలికాలం మొదలైందంటే నల్లగొండ, పాలమూరు పల్లె బడుల్లో టూరు మాట వినపడుతుంది. ఎక్కడికి పోదాం, మనిషికి ఎంత పడుతుంది అనే దగ్గరే ముచ్చట ఆగిపోతుంది. ఐదో తరగతి లోపు పిల్లలను బయటికి తీసుకుపోయే ముందు తేల్చుకోవాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. సార్లు, టీచర్లు, తల్లిదండ్రుల నోట తరచూ వినపడే మాటలు తీసుకుని ఒక్కొక్కటి చూద్దాం.

అపోహ: దూరం పోతేనే టూరు. ఊరి చెరువుకు పోతే పిల్లలకు ఏమొస్తుంది?

వాస్తవం: ఏడెనిమిదేళ్ల పిల్లలు గంటల తరబడి బస్సులో కూర్చుంటే దిగేసరికే నీరసపడతారు. సాగర్ డ్యామ్‌కు 26 గేట్లున్నాయి నిజమే, కానీ జలాశయం పూర్తి మట్టానికి, అంటే 590 అడుగులకు దగ్గరపడి పైనుంచి వరద వస్తుంటేనే వాటిని ఎత్తుతారు. జనవరిలో పోయిన పిల్లలకు మూసిన గేట్లే కనపడతాయి. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. అది చూసుకోకుండా బయలుదేరితే సగం రోజు వృథా.

నీటిని ఎట్లా ఆపుతారు, ఎట్లా వదులుతారు అన్న పాఠం ఊరి చెరువు దగ్గరే ఇంకా బాగా అర్థమవుతుంది. కట్ట, తూము, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు), శిఖం (నీళ్లు నిలిచే నేల), ఆయకట్టు అన్నీ నడిచి చూడొచ్చు. గంటన్నర చాలు. కట్ట వెడల్పును ఒక్కో జట్టు పాదం వెనక పాదం పెట్టి కొలిచి రాసుకోవాలి. ఒకరి లెక్క ఇంకొకరితో కలవదు. అప్పుడు టేపు తీసి కొలిస్తే, కొలతకు ఒకే ప్రమాణం ఎందుకుండాలో మూడో తరగతి పిల్లలకు కూడా తెలిసిపోతుంది. రాళ్లు నీళ్ల వైపే ఎందుకు పేర్చారని అడగండి. అలలు మట్టిని కోసేయకుండా అని పిల్లలే చెప్తారు. మత్తడి కట్ట కన్నా కిందికి ఎందుకుంది? వరదొస్తే నీళ్లు కట్ట మీదుగా పొర్లి గండి పడకుండా. తూము సంగతి నీరటికాడి నోట చెప్పించండి, ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో ఆయనకే బాగా తెలుసు.

జాగ్రత్త విషయంలో మాత్రం రాజీ వద్దు. ఒండ్రు మట్టి కోసం జేసీబీలు తవ్విన గుంతలు చాలా చెరువుల్లో ఉన్నాయి. ఒడ్డున మోకాలి లోతే అనిపిస్తుంది, పక్క అడుగు వేస్తే మనిషి మునుగుతాడు. కాళ్లు కడుక్కోవడానికి కూడా పిల్లలను నీళ్లలోకి దిగనీయకండి. మత్తడి పోస్తున్న రోజుల్లో అసలు తీసుకుపోకండి, నాచు మీద పెద్దవాళ్ల కాళ్లే నిలవవు. పెద్ద డ్యామ్‌ల దిగువన ఏరు ఎండినట్టు కనపడినా అంతే. 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయింది పైనున్న లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీటికే.

అపోహ: బయటికి పోతే సిలబస్ వెనకబడుతుంది.

వాస్తవం: ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్తుంది. మూడేసి గంటల చొప్పున నాలుగు పూటలు బయటికి పోయినా అయ్యేది 12 గంటలే. అదీ పాఠం పనే. వారం అంగడిలో నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు జట్టుకు యాభై రూపాయలిచ్చి మూడు రకాల కూరగాయలు కొనమనండి. కిలో ధర అడిగి పావుకిలోకు ఎంతో లెక్కకట్టి, మిగిలిన చిల్లర అప్పజెప్పాలి. ఇంతకు మించిన భాగహారం పాఠం మాకు తెలియదు.

అపోహ: చెట్టూ గుడీ చూడటానికి ముందుగా చెప్పేదేముంటుంది? పోతే వాళ్లే చూస్తారు.

వాస్తవం: ముందురోజు పని ఇవ్వకపోతే పిల్లలు చూసేది ఐస్‌క్రీం బండినే. నల్లగొండ దగ్గరి పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో పడే నీడ పొద్దంతా ఒకే చోట నిలిచి కనపడుతుంది. అది వింత అని పిల్లలకు తోచాలంటే మామూలు నీడ ఎట్లా కదులుతుందో ముందు తెలియాలి. బడి ఆవరణలో మీటరు కర్ర పాతి, గంటకోసారి నీడ కొసన రాయి పెట్టించి, తర్వాత తీసుకుపోండి. పాలమూరు దగ్గరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి పోయేవాళ్లు ముందు ఊళ్లో మర్రి ఊడలు చూపించాలి. ఆ మర్రికి చెదలు పట్టి, 2017లో పెద్ద కొమ్మ విరిగి, 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిన సంగతి చెప్తే ఊడలకు ఎందుకు వేలాడకూడదో వేరే చెప్పనక్కర్లేదు.

అపోహ: ఫ్రీ బస్సు ఉంది, లేదంటే ట్రాక్టర్ ఉంది. బండి ఖర్చు దేనికి?

వాస్తవం: 2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు ఉచితం అయింది రోజూ తిరిగే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే. అద్దెకు తీసుకునే స్పెషల్ బస్సుకు అది వర్తించదు. రద్దీ బస్సులో నలభై మంది చిన్నపిల్లలను ఎక్కించి దించడం ఎట్లాగూ కుదరని పని. ట్రాక్టర్ ట్రాలీ సామాన్ల బండి, మనుషులను ఎక్కించకూడదు. 2018లో పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర, వలిగొండ మండలం వేములకొండ దగ్గర ట్రాక్టర్లు కాలువల్లో పడి కూలీలు చనిపోయిన సంగతి ఈ జిల్లాల్లో ఎవరూ మరువలేదు. బస్సుకు డబ్బుల్లేకపోతే నడిచిపోయే చోటు చూసుకోండి.

అపోహ: ఇద్దరు టీచర్లుంటే నలభై మందిని చూసుకోవచ్చు.

వాస్తవం: ముప్పై మందికి ఒక టీచర్ అన్నది తరగతి గదికి. బయట పది మందికి ఒక పెద్ద మనిషి కావాలి. ఒకటి, రెండు తరగతులైతే ఆరుగురికి ఒకరు. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని తల్లులను పిలవండి, ఎవరి జట్టు ఎవరిదో ముందురోజే కాగితం మీద రాసివ్వండి.

తలలు లెక్కపెడితే తప్పు పోతుంది, పిల్లలు కదులుతూనే ఉంటారు. ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చి వరసగా పలికించండి. ఏ నంబరు ఆగిందో ఆ పిల్ల లేదన్నమాట. పక్కవాడు స్నేహితుడి నంబరు కూడా పలికేస్తాడు, అందుకే చెయ్యెత్తి పలకాలి, మొహం చూసి టిక్కు పెట్టుకోవాలి. బస్సు దిగగానే, అన్నం తిన్నాక, బస్సు కదిలే ముందు ఇది తప్పనిసరి. పిల్లలు తప్పిపోయేది ఎక్కువగా బాత్రూంల దగ్గర, బొమ్మల దుకాణాల దగ్గర. ఛాతీ మీద పేరు కనపడే బ్యాడ్జి వద్దు, కొత్తవాళ్లు పేరు పెట్టి పిలిస్తే చిన్నపిల్లలు వెంట పోతారు. టీచర్ ఫోన్ నంబర్ చీటీ జేబులో ఉంటే చాలు.

అపోహ: వాంతులవుతాయి, ఏమీ పెట్టకుండా తీసుకుపోవాలి.

వాస్తవం: ఖాళీ కడుపుకే కడుపులో ఎక్కువ తిప్పుతుంది. గంట ముందు రెండు ఇడ్లీలు పెట్టండి, నూనె పదార్థాలు వద్దు. వాంతులయ్యే పిల్లలను ముందు సీట్లలో కూర్చోబెట్టి దూరంగా బయటికి చూడమనండి.

అపోహ: పొద్దున వేడివేడిగా డబ్బాలో సర్దితే అన్నం మధ్యాహ్నం దాకా బాగుంటుంది.

వాస్తవం: వేడి అన్నానికి మూత పెడితే ఆవిరి నీరై అన్నం త్వరగా పాడవుతుంది. పులిహోరకు అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి ఆరబెట్టాకే పులుసు కలపండి, మధ్యాహ్నం పన్నెండున్నర లోపు తినిపించండి. కోడిగుడ్లు పెంకు తీయకుండా తేవాలి, పగిలినవి పక్కన పెట్టండి. నీళ్లు పిల్లకు లీటరు సీసా, పైన నలభై మందికి 20 లీటర్ల డబ్బా ఒకటి. దారిలో కనపడిన బోరు నీళ్లు తాగించకండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, గ్లాసులో చిటికెడు వేసి ఇస్తే పాళ్లు తప్పుతాయి.

అపోహ: వచ్చాక రెండు పేజీల వ్యాసం రాయిస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: వ్యాసం అనగానే పిల్లలు బోర్డు మీదిదే దించుతారు. మర్నాడు సుద్దముక్కతో వరండాలో పోయిన దారి గీయించండి. చిన్న తరగతులవాళ్లు చూసినవాటిలో ఒక్క బొమ్మ వేస్తే చాలు, పెద్ద తరగతులవాళ్లు ఐదు వాక్యాలు, ఒక ప్రశ్న రాయాలి. ఆ ప్రశ్నలు గోడకు అంటించి ఉంచండి. వానాకాలం పోయాక చూసిన చెరువుకే ఫిబ్రవరిలో మళ్లీ పోయి, తూము రాయి మీద నీళ్లు ఎక్కడిదాకా దిగాయో గుర్తు పెట్టించండి.