23 గంటల బూట్లు

"గ్రహణం నాడు కత్తిపీట ముందట కూసున్నవు గదా!" హన్మకొండలో మా మేనకోడలికి కొడుకు పుట్టిన రోజు వాళ్ల అత్తమ్మ అన్న మొదటి మాట ఇది. వాడి ఎడమ పాదం లోపలికి తిరిగిపోయి, అరికాలు రెండో కాలి వైపు చూస్తోంది. దీన్ని క్లబ్ ఫుట్ అంటారు. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. సుమారు వెయ్యి మందిలో ఒకరు ఇలా పుడతారు, మగపిల్లల్లో ఎక్కువ.

ఒకప్పుడు దీనికి పెద్ద ఆపరేషనే మందు. మడమ వెనక, పాదం లోపలి వైపు కోసి, బిగుసుకున్నవన్నీ వదులు చేసి పాదాన్ని తిన్నగా తిప్పేవారు. చూడటానికి బాగానే వచ్చేది. కానీ లోపలి వైపు చర్మం మొదటి నుంచీ కురచ. ఒక్కసారిగా సాగదీస్తే రక్తం అందక గాయం అంచులు నల్లబడతాయి, కుట్లు విచ్చుకుంటాయి. పైగా ఇలాంటి పాదాల్లో చాలావాటికి పైవైపు రక్తనాళం సన్నగా ఉంటుంది, కొన్నింటికి ఉండనే ఉండదు. లోపలి నాళం మీదే పాదం బతకాలి. దానికి కత్తి తగిలితే పాదానికే ముప్పు. అన్నీ సవ్యంగా జరిగినా, మానిన చోట లోపల మచ్చ గట్టిపడి పాదం బిరుసెక్కేది. ఆ పిల్లలు పెద్దయ్యాక కుంటుతూ, కీళ్లు అరిగి నొప్పితో తిరగడం చూశాకే, అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో పనిచేసిన స్పెయిన్ డాక్టర్ ఇగ్నాసియో పొన్సెటి వేరే దారి పట్టారు. 1963లో తన పద్ధతిని ప్రచురిస్తే, తోటి డాక్టర్లు ఏళ్ల తరబడి పెద్దగా పట్టించుకోలేదు.

ఆయన పద్ధతి ఇదీ. పసిపాదంలో గట్టి ఎముక కంటే మెత్తగా వంగే మృదులాస్థే ఎక్కువ. చేత్తో మెల్లగా తిప్పి, తొడ దాకా పిండికట్టు వేసి వారం ఆగితే, బిగుసుకున్నవి వాటంతట అవే సాగుతాయి. ఇలా ఐదారు కట్లు. కట్టు మార్చే రోజు మా మేనకోడలు తెల్లవారకముందే లేచి, గోరువెచ్చని నీళ్లలో కాలు నానబెట్టి, మెత్తబడ్డ పిండిని పొర పొరగా ఊడదీసేది. టబ్బు అడుగున సున్నపు మడ్డిలా పేరుకునేది. ప్రతిసారీ పాదం ఇంకాస్త బయటికి తిరిగి కనిపించేది. చివర్లో మడమ వెనక చిన్న గాటు పెట్టి, పిక్క కండను మడమకు కలిపే తాడు లాంటి స్నాయువును కోస్తారు. మనం నరం అంటాం గానీ అది నరం కాదు. మూడు వారాల్లో కాస్త పొడవుగా మళ్లీ అతుక్కుంటుంది.

అంతా అయిపోయిందనుకుంటాం. అప్పుడే బూట్లు వస్తాయి. రెండు బూట్ల మధ్య ఒక కడ్డీ. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆ తర్వాత నాలుగైదేళ్ల వయసు వచ్చేదాకా నిద్రపోయేటప్పుడు తొడగాలి. వంకర మళ్లీ తిరిగొచ్చేది ఎక్కువగా ఇక్కడే. "ఏడుస్తుండు, ఇయ్యాల ఒక్క రాత్రికి ఇడువు" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, ఆ ఒక్క రాత్రి నెల అవుతుంది. మా ఇంట్లో ఆ మాట అన్నది నేనే. మేనకోడలు వినలేదు. కడ్డీకి పాత చీర ముక్క చుట్టి పడుకోబెట్టింది.

ఇలాంటి పిల్లలు కనిపిస్తే అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి. పిల్లల ఆరోగ్యం పరీక్షించడానికి ఊళ్లకు వచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందం చూడాల్సిన జబ్బుల్లో ఇదీ ఉంది, వైద్యం ఉచితం.

వాడిప్పుడు వీధంతా ఉరుకుతున్నాడు. ఎడమ పిక్క మాత్రం సన్నమే, అది ఎప్పటికీ అలాగే ఉంటుంది. మొన్న బడి బూట్లు కొన్నప్పుడు ఎడమదాంట్లో ఇంత దూది పెట్టాల్సి వచ్చింది.